చరిత్ర చెప్పేవాళ్ళ పక్కన నవ్వించేవాళ్ళుంటే...

చరిత్ర అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పదో తరగతి సోషల్ పుస్తకమే. యుద్ధం ఏ సంవత్సరం, సంధి షరతులు ఏవి, ఐదు మార్కులకు కారణాలు రాయుము. పరీక్ష రాసొచ్చిన మర్నాటికే అవన్నీ మర్చిపోయాం. ఇప్పుడు మన పిల్లల చేత మళ్ళీ అవే బట్టీ పట్టిస్తున్నాం. అందుకే నా స్నేహితురాళ్ళతో "ఓ చరిత్ర పాడ్‌కాస్ట్ ఉంది, వినండే" అంటే ముందు అందరూ మొహం చిట్లిస్తారు. "నవ్వొస్తుందే బాబూ" అంటే అప్పుడు కాస్త చెవి ఒగ్గుతారు. ఇవాళ మీకూ అదే చెబుతున్నాను.

దాని పేరు 'యూ ఆర్ డెడ్ టు మీ'. మనకి బాగా కోపం వచ్చినప్పుడు "నా లెక్కన నువ్వు చచ్చినట్టే" అంటాం చూడండి, అదే ఆ మాట. చరిత్రలో ఉన్నవాళ్ళంతా ఎలాగూ పోయినవాళ్ళే కాబట్టి పేరులోనే ఓ చమత్కారం. బీబీసీ వాళ్ళు 2019లో మొదలుపెట్టారు. నడిపే ఆయన గ్రెగ్ జెన్నర్. 2009లో బ్రిటన్‌లో పిల్లల కోసం మొదలైన 'హారిబుల్ హిస్టరీస్' అనే నవ్వుల టీవీ కార్యక్రమానికి చరిత్ర విషయాల్లో తప్పులు దొర్లకుండా చూసిన మనిషి. మనం పొద్దున్న లేచి రాత్రి పడుకునే దాకా చేసే మామూలు పనుల వెనక ఉన్న చరిత్ర మీద ఓ పుస్తకం కూడా రాశారు. మన ఇంటిపనికి ఓ చరిత్ర ఉందని ఒప్పుకున్న మనిషంటే నాకు సగం అభిమానం అక్కడే వచ్చేసింది.

ప్రతి భాగంలోనూ ఈయనతో పాటు ఇద్దరు కూర్చుంటారు. ఒకరు ఆ విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన చరిత్రకారులు, ఇంకొకరు హాస్యనటులు. హాస్యనటులకి ఆ విషయం గురించి పెద్దగా తెలియకపోయినా ఫరవాలేదు. మనకొచ్చే సందేహాలే వాళ్ళకీ వస్తాయి, మనం నోరు విప్పి అడగలేనివి వాళ్ళు అడిగేస్తారు. చివర్లో వాళ్ళకో చిన్న పరీక్ష పెడతారు, ఇంతసేపూ విన్నదాంట్లో ఎంత గుర్తుందో చూద్దామని. అంట్లు తోముతూ నేనూ జవాబులు చెబుతూ ఉంటాను.

ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు మన బుర్రకథే గుర్తొచ్చింది. మధ్యలో తంబురా పట్టుకుని కథ చెప్పే కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు రాజకీయం మాట్లాడితే ఇంకొకరు హాస్యం ఆడతారు. పల్నాటి యుద్ధమైనా, బొబ్బిలి కథైనా తెల్లవార్లూ జనం కదలకుండా కూర్చున్నారంటే కథకుడి గొంతు ఒక్కటే కారణం కాదు, ఆ హాస్యపు వంత కూడా. నవ్వుతో చెబితే చరిత్ర మనసులో నిలుస్తుందని మన పల్లెలకి ఎప్పుడో తెలుసు.

అయితే నవ్వించడం ఒక్కటే అయితే నేనింతగా చెప్పను. మన ఫోన్లలోకి రోజూ వచ్చిపడే చరిత్ర కూడా ఒక్కోసారి నవ్వే తెప్పిస్తుంది, ఎక్కువసార్లు కోపం తెప్పిస్తుంది. ఎవరు రాశారో తెలియదు, ఎక్కడ చూసి రాశారో తెలియదు, పదిమందికి పంపమని మాత్రం ఉంటుంది. ఈ పాడ్‌కాస్ట్‌లో నాకు నచ్చింది వేరే ఉంది. చివర్లో ఓ రెండు నిమిషాలు మిగతా ఇద్దరూ నోరు మూసుకుంటారు. చరిత్రకారులు ఒక్కరే మాట్లాడతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'న్యుయాన్స్ విండో'. అంటే, ఇంతసేపూ నవ్వుకున్నాం కదా, ఇందులో మనం తొందరపడి ఒక వైపు నుంచే చూసినదేదో ఇప్పుడు నిదానంగా చూద్దాం అని.

అది ఎందుకు ముఖ్యమో ఓ రాణి కథ చెబుతాను. ఆవిడ మీద కూడా ఇందులో ఓ భాగం ఉంది. పేరు ఎన్జింగా. ఇప్పటి అంగోలా దేశంలో ఎన్డొంగో అనే రాజ్యం ఆవిడ పుట్టిల్లు. 1622లో అన్నదమ్ముడైన రాజు తరఫున సంధి మాట్లాడటానికి లువాండాలో ఉన్న పోర్చుగీసు గవర్నర్ దగ్గరకి వెళ్ళింది. ఆయన దర్జాగా కుర్చీలో కూర్చుని, ఆవిడకి కింద తివాచీ పరిపించాడట. కింద కూర్చుంటే లొంగిపోయినట్టే కదా! ఆవిడ తన దాసికేసి ఒక్క చూపు చూసింది. ఆ దాసి మోకాళ్ళ మీద, చేతుల మీద వంగింది. ఎన్జింగా ఆ వీపు మీద కూర్చుని, గవర్నర్ కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది.

ఎంత బాగుందో కదా! పెళ్ళిచూపుల్లోనో, ఆఫీసు మీటింగులోనో కుర్చీ దొరకని ప్రతి ఆడదానికీ ఈ కథ వింటే ప్రాణం లేచొస్తుంది. తర్వాత ఆవిడే రాణి అయ్యింది. 1624 నుంచి 1663లో ఎనభై ఏళ్ళ వయసులో పోయేదాకా, పక్కనున్న మతాంబాని గెలుచుకుని, ఒకసారి డచ్చివాళ్ళతో చేతులు కలిపి, ఒకసారి యుద్ధం చేసి, ఒకసారి సంధి చేసుకుని, పోర్చుగీసు వాళ్ళని ముప్పుతిప్పలు పెట్టింది.

ఇక నిదానంగా చూద్దాం. ఆ కుర్చీ కథ మనకి బాగా తెలిసింది కవాజ్జీ అనే ఇటలీ మతగురువు రాతల వల్ల. ఆయన అంగోలాకి వచ్చిందే 1654లో. అంటే సంఘటన జరిగిన ముప్పై ఏళ్ళకి. ఇంకో మాట. ఎన్జింగా యుద్ధాల్లో పట్టుబడ్డవాళ్ళని బానిసలుగా అమ్మింది కూడా. ఆ సొమ్ముతోనే, ఆ బేరాలతోనే రాజ్యం నిలబెట్టుకుంది. నాకైతే మరో సంగతి మనసులోంచి పోదు. సంధి మాటలు నడిచినంతసేపూ వంగి ఉన్న ఆ దాసి పేరు మనలో ఎవరికీ తెలియదు. రాణి తలెత్తుకుని కూర్చుంది నిజమే, కానీ ఇంకో ఆడమనిషి వీపు మీద కూర్చుంది.

మా అమ్మాయికి కథలో మొదటి సగమే చెబితే గొప్పగా ఉంటుంది. రెండో సగం కూడా చెప్పాలనే నా పట్టుదల. గొప్పవాళ్ళని గొప్పవాళ్ళంటూనే, వాళ్ళు చేసిన చెడ్డని చెడ్డ అనగలగడం పిల్లలకి ఇంట్లోనే అలవాటు కావాలి. లేకపోతే రేపు ఎవరు ఏ చరిత్ర పంపినా నమ్మేస్తారు, లేదా ఏదీ నమ్మరు. రెండూ ప్రమాదమే.

ఇంగ్లీషు వేగంగా ఉంటుందని భయపడకండి. యాప్‌లో వేగం తగ్గించుకునే వీలుంటుంది, నాలుగు భాగాలయ్యేసరికి ఆ యాస అలవాటైపోతుంది. మాటలు కొన్నిసార్లు కాస్త పెద్దవాళ్ళకి తగ్గట్టుంటాయి కాబట్టి పిల్లలున్నప్పుడు స్పీకర్‌లో పెట్టే ముందు మీరొకసారి వినండి. పేరు పక్కన 'రేడియో ఎడిట్' అని ఉన్నవి పొట్టిగా ఉంటాయి. ఒక కూర తరిగి పొయ్యి మీద పెట్టేలోపు అయిపోతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? చాక్లెట్ మీద ఉన్న భాగంతో మొదలుపెట్టండి. కోకో గింజల్ని ఆజ్టెక్‌లు డబ్బుగా వాడారు, చాక్లెట్‌ని చేదు పానీయంగా, మిరపకాయ కూడా కలుపుకుని తాగారు. మనం కొరికి తినే చాక్లెట్ బిళ్ళ 1847లో ఇంగ్లండులో తయారైంది. ఆ మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో మన దగ్గరకి వచ్చిందే. ఆవకాయ కలుపుతూ ఇదంతా తలుచుకుంటే భలే ఉంటుంది.

నాకో కోరిక మిగిలిపోయింది. ఇలాంటిది తెలుగులో ఎవరైనా చేస్తే మొట్టమొదటి భాగం నాయకురాలు నాగమ్మ మీద ఉండాలి. పల్నాటి కథలో నలగామరాజు దగ్గర మంత్రిత్వం చేసిన ఆడది. కోడిపందెం నుంచి యుద్ధం దాకా నెపమంతా ఆవిడ మీదే వేసి ఎన్ని తరాలు చెప్పుకున్నామో! హాస్యపు వంత ఎంత నవ్వించినా ఫరవాలేదు. ఆఖర్న మాత్రం ఆ రెండు నిమిషాలూ నాగమ్మ వైపు నుంచి మాట్లాడే వాళ్ళొకరు కావాలి.