మరునాటి గ్లాసు
తాటికల్లు మద్యము కాదు, చలువ పానీయమే యనువారు శ్రీకాకుళపు తోపులలో నేటికిని గలరు. అది చెట్టుమీది కుండలోనే పులియ నారంభించును. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన కన్యాశుల్కమును గురజాడవారు పెంచి వ్రాసిన 1909 నాటి కూర్పులో, సారాదుకాణమే బైరాగి వేదాంతమునకు నెలవు. వైద్యపు ముసుగు అంతకంటె పాతది. చరకసంహిత మదాత్యయమునకు మద్యమునే, విధి ననుసరించి, ఔషధముగా చెప్పినది. విధి మాట మరచి, తెల్లవారి మరియొక గ్లాసే మందందురు మనవారు! ఆ గ్లాసు బాధను వాయిదా వేయునే గాని తీర్చదు. కాలేయము తన నడకనే నడచును. మజ్జిగ దాహము తీర్చును, అంతే. సారా చలి పోగొట్టుననుట మరింత ప్రమాదము. చర్మమునకు రక్తమెక్కి వేడి తోచును; లోని వేడి బయటికి పోవును. పుష్యమాసపు వేకువ కళింగపట్టణమున గుక్క త్రాగి తెప్ప నెక్కినవాడు, త్రాగనివానికంటె త్వరగా చల్లబడును.