కోనసీమ చదివిన యుద్ధములు

వైనతేయ, వసిష్ఠ అను రెండు గోదావరీ పాయల నడుమ సముద్రమువరకు సాగిన భూఖండమును దొరలు తమ కాగితములలో నగరము దీవి యని వ్రాసికొనిరి. రాజోలునుండి అంతర్వేదికి పోవు త్రోవలో, కొబ్బరితోటల నీడన ఉన్న మలికిపురము ఆ దీవిలోనిది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ దీవికి కాలువనీరు వైనతేయముపై కట్టిన గన్నవరపు అక్విడెక్టు మీదుగా వచ్చెను. మనుష్యునకు అట్టి సదుపాయము చాలకాలము కలుగలేదు. మదరాసులో అచ్చయిన పత్రికయైనను, రాజమహేంద్రవరములో కుట్టిన పుస్తకమైనను ఏదో ఒక రేవున పడవ యెక్కి, పాయ దాటి, ఆ పిదపనే ఇచ్చటి పాఠకుని చేతికి అందవలసియుండెను. కాన ఈ సీమవారు చదివిన యుద్ధవార్త యెప్పుడును కొంత పాతబడిన వార్తయే. అయినను ప్రపంచయుద్ధముల గూర్చి చదువుటయందు, చదివినదానిని అరుగులమీద కూర్చుండి తర్కించుటయందు కోనసీమవారికి గల ఆసక్తి యేమాత్రము కొరవడినది కాదు. ఆ చదువు ఎట్లు మొదలైనదో, ఏ గ్రంథముల ద్వారా పెరిగినదో, ఆ గ్రంథములు చెప్పినదేమో, చెప్పక విడిచినదేమో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

విడిచినదానినే ముందుగా చెప్పవలసియున్నది. ఆధునిక యుద్ధములను గూర్చి తెలుగులో వెలువడిన గ్రంథములలో పెక్కు దూరదేశముల రణరంగములను మన కన్నులకు కట్టించినవి. కాని ఆ యుద్ధములు మన తీరమును ఎచ్చట తాకినవో చెప్పుటకు అంతగా శ్రమపడలేదు. తాకకపోవుటచే చెప్పలేదనుటకు వీలులేదు. ఐరోపాలో సప్తవర్ష సంగ్రామము సాగుచున్న కాలముననే, 1758 డిసెంబరులో, పిఠాపురమునకు సమీపమున నున్న చందుర్తి పొలములలో వంగదేశమునుండి వచ్చిన కర్నల్ ఫోర్డు విజయనగరము రాజగు ఆనందరాజుతో కూడి ఫ్రెంచివారిని ఓడించెను. మరుసటి యేడు ఏప్రిలులో మచిలీపట్టణపు కోట ఆతని వశమాయెను. ఉత్తర సర్కారుల భవితవ్యము అంతటితో మారినది. ఈ సీమను ఆనుకొనియున్న యానాము సంగతి మరింత విస్పష్టము. ఇంగ్లండునకు, ఫ్రాన్సునకు ఐరోపాలో పోరు పుట్టినప్పుడెల్ల యానాములో జెండా దిగెడిది. సంధి కుదిరినప్పుడెల్ల మరల ఎగిరెడిది. 1778లోను, 1793లోను ఆంగ్లేయులు దానిని పట్టుకొనిరి. 1814 నాటి పారిస్ సంధి ననుసరించి మరల ఫ్రెంచివారికి విడిచిరి. అంతర్జాతీయ వ్యవహారమనగా ఎక్కడి సంగతియో అని తలంచువానికి యానాము రేవుకంటె మంచి పాఠశాల వేరొకటి లేదు.

తెలుగులో లోకవృత్తాంతమును జనులకు తెలియజెప్పవలెనను సంకల్పముతో 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. ఆ గ్రంథమాలకు 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అబ్రహాము లింకను చరిత్రమును రచించి యిచ్చిరి. ఆ సంవత్సరముననే బిపినచంద్రపాలుని ఉపన్యాసములతో రాజమహేంద్రవరము ఉఱ్ఱూతలూగినది. వందేమాతరమన్న దోషమునకు సర్వోత్తమరావుగారు అచ్చటి ట్రెయినింగు కాలేజీనుండి వెడలగొట్టబడిరి. మరుసటి యేడు పత్రికా రచనయే నేరమై చెఱసాలకు పోయిరి. దాస్యమును గూర్చి అన్నదమ్ములు తమలో తాము చేసిన మహాయుద్ధపు గాథను ఆ సమయమున ఆ హస్తమే తెలిగించుట కేవలము యాదృచ్ఛికమని నేను తలంపను. పాఠకులును ఆ గ్రంథమును అమెరికా వృత్తాంతముగా మాత్రమే చదివియుండరు.

అయితే ఆ చరిత్రమును మన తీరమున చదువువారికి వేరొక సంగతి చెప్పవలసియుండెను. 1861 మొదలు 1865 వరకు సాగిన ఆ అంతర్యుద్ధమువలన అమెరికా దక్షిణ రాష్ట్రముల పత్తి ఇంగ్లండునకు చేరుట నిలిచిపోగా, లాంకషైరు మగ్గములు మన దేశపు పత్తికై చేతులు చాచెను. గుంటూరు సీమలో పండి, కాకినాడ రేవున ఓడ యెక్కినందున ఆ రేవు పేరనే వర్తకుల పద్దులలో నిలిచిన పత్తికి ఎన్నడులేని గిరాకి కలిగెను. కాకినాడ పట్టణపు మేడలకు, గిడ్డంగులకు ఆ సిరి కొంత పునాది వేసినది. లింకను చరిత్ర చదివి కన్నీరు కార్చిన కాకినాడ విద్యార్థి, తాను నడచు వీథి ఆ యుద్ధముతో పెరిగినదేయని యెరుంగడు. ఎరుకపరచు పుటయును లేదు.

1914వ సంవత్సరము తెలుగు పాఠకుని చరిత్రలో మహత్తరమైనది. ఆ యేడు ఏప్రిలు 1వ తేదీన కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక మదరాసునుండి దినపత్రికగా వెలువడినది. పదియవ తేదీన అయ్యంకి వెంకటరమణయ్యగారి ప్రోద్బలముచే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగినది. నాలుగు నెలలు తిరుగకమునుపే ఐరోపాలో మహాసంగ్రామము రగిలినది. దినపత్రిక, గ్రంథాలయము, యుద్ధము – ఈ మూడును ఒక్కమారుగా గ్రామమున ప్రవేశించెననవచ్చును. ఒక్క ప్రతి వచ్చినచో చాలును; గ్రంథాలయపు అరుగుమీద అక్షరాస్యుడొకడు గొంతెత్తి చదువగా, కొబ్బరికాయలు ఒలుచు చేతులు ఆపి పదిమంది వినెడివారు. బెల్జియము కోటలు, ఫ్రాన్సు కందకములు, తురుష్క సుల్తాను నిర్ణయము, రుష్యా చక్రవర్తి పతనము – ఇవి యన్నియు గ్రాంథిక భాషలో, దీర్ఘ సమాసములలో, భారత యుద్ధపర్వములు వినుటకు అలవాటుపడిన చెవులకు సుపరిచితమైన ధోరణిలో వచ్చెడివి. ఆ యేడు సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అను జర్మను నౌక మదరాసు రేవున చమురు తొట్లపై గుండ్లు కురిపించి, అవి మండునంతలో చీకటిలో మరలిపోయినది. బంగాళాఖాతమున ఓడల రాకపోకలు స్తంభించెను. తూర్పుతీరమున ప్రతి రేవును ఆ దినములలో సముద్రమువంక అనుమానముతో చూచినది.

ఆ యుద్ధము ముగిసిన వెంటనే కోనసీమ గ్రామము ఎట్లుండెనో తెలియగోరువారు మహీధర రామమోహనరావుగారి ‘కొల్లాయిగట్టితేనేమి?’ చదువవలెను. అది యుద్ధగ్రంథము కాదు. సహాయ నిరాకరణోద్యమ కాలమున ముంగండ అగ్రహారపు కథ. జగన్నాథ పండితరాయల జన్మస్థానమని ప్రసిద్ధి గన్న ఆ ముంగండయే మహీధర సోదరులకును పుట్టినయూరు. వారే రాజమహేంద్రవరమున విశ్వసాహిత్యమాలను నడపి, పరదేశ సాహిత్యమును, రాజకీయ విజ్ఞానమును చౌక వెలకు తెలుగువారికి అందించిరి. అలంకారశాస్త్రమునకు పేరుపడిన అగ్రహారము, మూడు శతాబ్దముల పిమ్మట ప్రపంచ రాజకీయములకు తెలుగు అక్షరరూపమునిచ్చిన వారిని కన్నదనుట కోనసీమవారు గర్వింపదగిన విషయము. టాల్‌స్టాయి ‘యుద్ధము – శాంతి’ని బెల్లంకొండ రామదాసు, రెంటాల గోపాలకృష్ణ తెలిగించుట తరువాతి ముచ్చట, ఆ మహాగ్రంథమును అందుకొనగల పాఠకుని తయారుచేసినవి ఇట్టి చిన్న గ్రంథమాలలే.

రెండవ మహాయుద్ధము ఈ సీమను పుస్తకమువలె దూరముననుండి పలుకరింపలేదు. అది మొట్టమొదట ఇనుమును అడిగినది. కాకినాడనుండి కోటిపల్లివరకు 1928లో వేసిన రైలుదారి, గౌతమికి ఆవలి ఒడ్డువరకైనను కోనసీమకు బండి వచ్చునను ఆశ కల్పించినది. 1940లో యుద్ధావసరములకై ఆ పట్టాలను ఊడబెరికి తీసికొనిపోయిరి. పొలముల నడుమ కట్ట మాత్రము మిగిలినది. ఆ దారిన మరల రైలు నడచుటకు 2004 రావలసివచ్చినది, అరువదినాలుగు సంవత్సరములు! అణువిస్ఫోటములను, సంధిపత్రములను వర్ణించు గ్రంథములు మనకు కలవు. హిట్లరు పోలండుపై దండెత్తిన ఫలితముగా ద్రాక్షారామపు రైతు తన ధాన్యమును మరల బండిమీదను, పడవమీదను తోలుకొనవలసి వచ్చినదని చెప్పు గ్రంథమొక్కటి నాకు కనబడలేదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను జపానువారి వశమయ్యెను. ఏప్రిలు 5న కొలంబోపై బాంబులు పడినవి. మరునాడు, ఏప్రిలు 6న, విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసినవి. ఆ కొలది దినములలో బంగాళాఖాతమున ఇరువదికి పైగా వర్తకనౌకలు మునిగిపోయినవి. కాకినాడపై పడిన బాంబు వార్త కోనసీమకు చేరుటకు పత్రిక అక్కరలేదు. పాయ దాటివచ్చు ప్రతి పడవయు ఒక్కొక్క పాఠాంతరముతో దానిని మోసికొనివచ్చియుండును. ఆ యేడే ప్రజాయుద్ధమని కొందరు, క్విట్ ఇండియా యని కొందరు రెండు త్రోవలు పట్టిరి. గ్రామములలో కరపత్రములు, చిన్నపుస్తకములు వెల్లువెత్తినవి. చదువురానివారికి యుద్ధము బుర్రకథగా వచ్చినది. నాజీల చేతిలో ఉరికంబమెక్కిన రుష్యా కన్య టానియా కథను తెలుగు దళములు తంబురా మీటి పాడినవి. ఎక్కడి మాస్కో పొలిమేర, ఎక్కడి గోదావరి గట్టు! జానపదకళకు ఇంతటి విశాలదృష్టి అలవడుట నాకు నేటికిని ఆశ్చర్యావహము, ఆనందదాయకమును.

కాని ఆ దళముల ముందు కూర్చున్నవారిలో, అంతకంటె దారుణమైన కథను తమ కాళ్ళతో నడచి వచ్చినవారు ఉండకపోరు. రంగూను ప్రయాణము తూర్పుతీరపు పేదవాని జీవితములో ఒక ఋతువువంటిది. కోరంగి రేవునుండి వచ్చినవారగుటచే బర్మావారు తెలుగువారినెల్ల కోరంగీలని పిలిచిరి. 1931 జనాభా లెక్కలనాటికి ఆ దేశమున తెలుగువారు లక్షన్నరకు మించియుండిరి. ఓడరేవులో బస్తాలు మోసి, బియ్యపు మిల్లులలో పొట్టు పీల్చి, రిక్షాలు లాగి, మిగిల్చిన రూకలు ఇంటికి పంపెడివారు. 1930 మేలో రేవుకూలీల సమ్మె పర్యవసానముగా చెలరేగిన దొమ్మిలో వారి నెత్తురు రంగూను వీథులలో పారినది. 1941 డిసెంబరు 23న పట్టణముపై బాంబులు పడగానే, ఓడటిక్కెట్టు దొరకినవాడు ఓడ యెక్కెను. దొరకనివాడు నడచెను. ప్రోమునుండి తౌంగుప్ కనుమ మీదుగా ఆరకానునకు కొందరు, తమూ మీదుగా మణిపురమునకు కొందరు, హుకావుంగు లోయమీదుగా అస్సామునకు కొందరు. నాలుగు లక్షలకు మించిన భారతీయులు ఇట్లు తరలివచ్చిరి. కలరాతోను, మలేరియాతోను, ఆకలితోను వేలకొలది త్రోవలోనే రాలిపోయిరి. తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి యేర్పరచిరన్న ఆరోపణ ఆనాడే వినవచ్చినది.

బర్మాతోపాటు బర్మా బియ్యమును పోయినది. యుద్ధమునకు పూర్వము ఏటేట పది లక్షల టన్నులకు మించి మన దేశమునకు వచ్చుచుండిన ఆ బియ్యము నిలిచిపోగా, గోదావరి డెల్టా ధాన్యమునకు హఠాత్తుగా రాజకీయ ప్రాముఖ్యము కలిగెను. మిగులు జిల్లాలనుండి మదరాసు ప్రభుత్వము ధాన్యసేకరణకు పూనుకొనెను. పట్టణములకు రేషను వచ్చెను. గన్నవరపు అక్విడెక్టుమీదుగా పారిన నీటితో పండిన చేనికిని, ఐరావతీ నది యొడ్డున నిలిచిన సేనకును సంబంధము ఏర్పడినది. అది సేకరణకు వచ్చిన అధికారికి తెలియును. రైతుకు సగము తెలియును. మన యుద్ధచరిత్ర పుటలలో మాత్రము కానరాదు.

శ్రీశ్రీగారు ‘దేశచరిత్రలు’ వ్రాసి, రాజుల కథలకు మారుగా సామాన్యుని కథను అడిగిన తరువాత కూడ, రంగూను కాలినడకకు తెలుగులో తగినంత గ్రంథస్థితి కలుగకపోవుట నాకు మిక్కిలి బాధ గొలుపు విషయము. ఆ నడచినవారి తరము దాదాపు గతించినది. వారి బిడ్డలు తీరమంతట ఇంకను కలరు. ఏ కనుమ దాటి వచ్చిరో, ఏ నీడన ఎవరిని పాతిపెట్టిరో, ఏ రైలుస్టేషనులో ఎవరు గంజి పోసిరో, ఇంటికి చేరిన దినమున ఊరివారేమనిరో, మరల ఏ పని దొరకినదో – ఈ సంగతులు ఇంటింట అడిగి వ్రాసికొనదగినవి. వానిని కాకినాడ రేవు పద్దులతో, ఆనాటి పత్రికల పాత సంచికలతో సరిపోల్చి, తారీఖులు నిర్ణయించి గ్రంథము కూర్చుటకు కావలసినది ఒక్క యువకుని ఓపిక. అట్టివాడు రాజోలు తాలూకానుండియే బయలుదేరినచో, అతడు మొదట పోవలసినది ఏ పెద్ద గ్రంథాలయమునకును కాదు. సఖినేటిపల్లి రేవున పంటు కొఱకు వేచియున్న వృద్ధుల కడకు.