వార్డెన్ సంతకం మన అనుమతి కాదు



పాలకొల్లు హాస్టల్లో చేరినప్పుడు మా అమ్మానాన్నలు ఫారాల మీద వేలిముద్రలు వేశారు. అందులో ఏం రాసుందో వాళ్ళకి తెలీదు. అందుకే ఈ చరిత్ర మనకి తెలియాలి.

2009 జూలైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా గార్డసిల్ టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికాకి చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. ఆశ్రమ పాఠశాలల్లో చదివే మన పిల్లలు అందులో ఎంతోమంది.

తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. మహిళా, ఆరోగ్య సంఘాలవాళ్ళు హాస్టళ్ళకి వెళ్ళి అడిగాక విషయం గట్టిగా బయటికొచ్చింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. మరణాలకి టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ చూసిన 9,543 అనుమతి ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద వార్డెన్ల, హెడ్మాస్టర్ల సంతకాలు! 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా దీన్ని తప్పుపట్టింది.

మేము టీకాకి వ్యతిరేకం కాదు, అడక్కుండా చెయ్యడానికే వ్యతిరేకం.

రేపు యూనివర్సిటీవాళ్ళు రక్త నమూనాల కోసం మన గూడేనికొస్తే ఫారం చదివి చెప్పమందాం. కాపీ తీసుకుందాం. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, మధ్యలో మానేయొచ్చు. తేడా జరిగితే వాళ్ళ ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెడదాం. ఆ పిల్లలకి ఇవేవీ చెప్పినవాళ్ళు లేరు. మన చెల్లెళ్ళకి మనం చెబుదాం.