పెరటితోట ఋతుచర్య : కార్తెల చారిత్రక సాక్ష్యము

తెలుగునాట సేద్యచరిత్రను వ్రాసినవారు చెఱువులను, కాలువలను, భూమిశిస్తును విపులముగా చర్చించిరి. ఇంటి వెనుకనున్న పెరడు మాత్రము వారి దృష్టికి అంతగా రాలేదు. కారణము స్పష్టమే. పొలమునకు, తోటకు దానశాసనములు గలవు. బీరపాదునకు శాసనము వేయించినవారు లేరు. మెదకు సీమయే ఇందులకు నిదర్శనము. ఈ సీమను ప్రజలు మెతుకుసీమ యనిరి. పాలకుల వ్యవహారమున దీనికి గుల్షనాబాదు, అనగా పూదోటల పట్టణము, అను పారసీక నామము గలదు. నైజాము రాజ్యమందలి నాలుగు సుబాలలో ఒకదానికి ఈ పేరే నిలిచినది. మొదటి పేరు పొలమును, రెండవది ప్రభువుల తోటను స్మరించుచున్నవి. పెరటిని స్మరించు పేరు లేదు.

లిఖితసాక్ష్యము లేనిచోట వాడుకయే సాక్ష్యము కావలెను. హల్దివాగు మంజీరలో గలియు ఈ సీమయందు, ఎల్దుర్తి వంటి గ్రామములలో, పెరటిపనికి కాలమానము కార్తెలే. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున ఇంచుమించు పదమూడున్నర దినములుండును. అట్టి కార్తెలు ఇరువది యేడు. రోహిణిలో గుంతలు త్రవ్వి యెండనిచ్చి, పెంటయెరువును బూడిదను నింపుదురు. మృగశిరలో తొలకరి పడగానే బీర, సొర, కాకర, గుమ్మడి గింజలు నాటి, బంతినారు పోయుదురు. ఆరుద్ర, పునర్వసులలో నారు నాటుట, మందారపు కొమ్మలు పాతుట, తీగలకు పందిళ్ళు వేయుట జరుగును. వానలు వెనుకబట్టిన పిమ్మట మెంతి, కొత్తిమీర మడులు లేచును. చలికాలమున మల్లెకు నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఎండకాలపు పూతకు సిద్ధపఱతురు. వేసవిలో స్నానపు నీరు అరటిపాదునకు మళ్ళును.

ఈ చర్య యంతయు అనాదిసిద్ధమని చెప్పుట పరిపాటి. మేము ఇచట రెండు పరీక్షలను ప్రతిపాదించుచున్నాము. మొదటిది ఆకాశము, రెండవది మొక్క.

అయనచలనము వలన కార్తెలు ఋతువులతో పోల్చగా ఇంచుమించు డెబ్బది యేండ్లకు ఒక దినము చొప్పున వెనుకకు జరుగుచుండును. నేడు మృగశిర జూన్ 8 ప్రాంతమున ప్రవేశించుచున్నది. క్రీస్తుశకము ఆఱవ శతాబ్దిలో, అనగా వరాహమిహిరుని కాలమున, నేటి గ్రెగోరియన్ గణన ప్రకారము అది మే మూడవ వారమునకు చెందును. అప్పుడును నైఋతి ఋతుపవనము నేటివలెనే జూన్ పూర్వార్ధమున వచ్చుచుండెననుకొన్నచో, ఆనాటి మృగశిర ఈ సీమలో నిప్పులు చెరుగు కాలమే. కావున మృగశిర కురిసిన ముసలియెద్దు రంకె వేయునను సామెత అంత ప్రాచీనము కానేరదు. రోహిణి యెండకు రోళ్ళు పగులునను సామెతకు మాత్రము ఈ పరీక్ష చెల్లదు. ఆనాటి రోహిణియు మే మాసపు యెండలలోనిదే గదా! అన్ని సామెతలును ఒకే తీరున కాలనిర్ణయమునకు లొంగవని దీనివలన తెలియుచున్నది.

ఈ చలనమును వరాహమిహిరుడు ఎఱుగును. పూర్వము ఆశ్లేషార్ధమున నుండిన దక్షిణాయనారంభము తన కాలమున కర్కటకాదికి వచ్చినదని బృహత్సంహితలో అతడు చెప్పెను. ఆ గ్రంథమందలి వృక్షాయుర్వేదాధ్యాయమున నాటిన చెట్లకు నీరు పెట్టు విధి ఋతువుల పేరనే యున్నది: గ్రీష్మమున ఉదయసాయంకాలములు, చలికాలమున దినము విడిచి దినము, వర్షాకాలమున నేల యెండినపుడు. ఋతువునకు కట్టిన విధి గనుక అది నేటికిని చెల్లును. నక్షత్రమునకు కట్టిన విధికి కాలక్రమమున సవరణ తప్పదు. అయితే శాస్త్రగ్రంథములలో నాటుటకు చెప్పిన నక్షత్రములు చంద్రునివి, కార్తెలు సూర్యునివి. పరిశోధకులు ఈ రెండింటిని కలిపివేయరాదు.

గోలకొండ నేలిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా (1580–1612) దక్కనీ భాషలో తొలకరిని మిర్గ్ అను పేర వర్ణించి పద్యములు రచించెను. ఇది మృగశిరయే. రాజోద్యానపు కవితకు సయితము కాలమానము కార్తెయే యైనది. ఆనాడు ఆ కార్తె నేటికంటె సుమారు ఆఱు దినములు ముందు వచ్చుచుండెను; అనగా కార్తె వచ్చినను వాన కొంత యెదురుచూపునకు మిగిలియుండవచ్చును.

ఇక మొక్కల సాక్ష్యము. బంతి, ఎఱ్ఱగుమ్మడి, మిరప, జామ, బొప్పాయి అమెరికా ఖండపు మొక్కలు. 1492 తరువాతనే ఇవి సముద్రము దాటినవి. బీర, సొర, కాకర, వంగ, కరివేప, అరటి అంతకు పూర్వమే యిచట నున్నవి. కాకతీయుల కాలపు పెరటిని ఊహించువారు బంతిచెట్టును అందు నిలుపరాదు. ప్రాచీనకావ్యమున బంతి యను మాట కనబడినను అది చెండో, వరుసయో, పువ్వో విచారింపవలెను. బతుకమ్మలో తంగేడు, గునుగు అడవిసొమ్ము. బంతిపువ్వు, గుమ్మడిపువ్వు పెరటిసొమ్ము. మృగశిరలో పోసిన బంతినారు భాద్రపద బహుళామావాస్యకు పూతకు వచ్చుటయే పెరటిచర్యకు ఫలము. అయినను ఆ కూర్పులోని ఈ రెండు పూలును పదునాఱవ శతాబ్దికి ముందటివి కానేరవు. పండుగ ప్రాచీనతకు దీనివలన లోపము లేదు. క్రొత్త పువ్వును పాత పూజలోనికి చేర్చుకొన్న పెరటి ఔదార్యమే ఇందు వ్యక్తమగుచున్నది.

నేడు బోరుబావి నీటితో ఏ కార్తెలోనైనను ఏ మొక్కనైనను పెంచవచ్చును. పని కార్తెను విడిచినపుడు సామెత ఒంటరియగును. పనితో కూడిన పదమును విడిపోవును. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటము (1962) వ్యవసాయపదముల సేకరణకు మార్గము చూపినది. పాదు, మడి, గొప్పు, పందిరి మొదలగు పెరటిపదములను ఏ కార్తెలో, ఏ మొక్కకు, ఎవరు వాడుదురో గుర్తించి గ్రామగ్రామమున సేకరించుట ఇప్పటి కర్తవ్యము. పెరటిపని విశేషముగా స్త్రీలది గావున వారి వాక్కే ఇందు ప్రమాణము. శాసనము శిలపై నుండును, ఆలస్యమును సహించును. పెరటిచరిత్ర నాలుకపై నున్నది. దానికి ఆ సౌకర్యము లేదు.