ఎదుటి జట్టు కోసం

అమెరికా ఈశాన్య తీరంలో ప్రావిడెన్స్ అనే పాత రేవు పట్టణం ఉంది. అక్కడి బ్రౌన్ యూనివర్సిటీలో 1960ల మొదట్లో ఒకరోజు పురుషుల ఐస్ హాకీ జట్టు ప్రాక్టీసు చేస్తోంది. ఒంటినిండా ప్యాడ్లు, వాటి మీద వదులు జెర్సీ, చేతిలో స్టిక్కుతో ఒక కొత్త మనిషి వాళ్లతో పాటు మంచు మీదికి దిగి ఆడడం మొదలుపెట్టారు. ఆ వేషంలో ఎవరినీ పోల్చుకోలేం. కోచ్ జేమ్స్ ఫుల్లర్టన్‌కి మాత్రం సంగతి ముందే తెలుసు. చివరికి గుట్టు విప్పేసరికి అబ్బాయిలు నివ్వెరపోయారు. ఇంతసేపూ తమతో ఆడింది నాన్సీ షీఫెలిన్ అనే విద్యార్థిని!

ఆమె చదువుతున్నది పెంబ్రోక్ కాలేజీలో. బ్రౌన్‌లో అమ్మాయిల చదువు 1891లోనే మొదలైనా వాళ్లకోసం వేరే కాలేజీ నడిచేది, అదే పెంబ్రోక్. ఆ 1960ల మొదట్లోనే క్యాంపస్‌లో మీహన్ ఆడిటోరియం పేరుతో కొత్తగా మంచు మైదానం వెలిసింది. పురుషుల జట్టుకు మంచి పేరుండేది. 1965లో ఆ జట్టు జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది, ఆ పోటీలు జరిగింది కూడా వాళ్ల సొంత మైదానంలోనే. అంతటి జట్టును తయారుచేసిన కోచే ఒక అమ్మాయి ఆట చూసి మెచ్చి, ఆమె వేషానికి వంత పాడాడు. అక్కడినుంచి దారి తెరుచుకుంది. 1964లో పెంబ్రోక్ అమ్మాయిలు జట్టు కట్టారు. బ్రౌన్ జట్ల చిహ్నం ఎలుగుబంటి. అమ్మాయిలు మాత్రం తమ జట్టుకు పెంబ్రోక్ పాండాస్ అని పేరు పెట్టుకున్నారు. ఇతర కాలేజీలతో తలపడడానికి ఏర్పడిన తొలి అమెరికన్ మహిళా ఐస్ హాకీ జట్టుగా చరిత్రలో నిలిచింది వీళ్లే.

ఆడవాళ్లు ఈ ఆట ఆడడం అప్పటికి వింతేమీ కాదు. 1890ల్లోనే కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీలో, మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో అమ్మాయిలు పొడవాటి గౌన్లతోనే మంచు మీద హాకీ ఆడారు. క్వీన్స్ అమ్మాయిలు తమ ఆటను తప్పుపట్టిన ఆర్చిబిషప్పు ఆగ్రహాన్ని సైతం లెక్కచేయలేదు. కానీ ఇరవయ్యో శతాబ్దం నడుమకి వచ్చేసరికి మహిళల హాకీ చాలాచోట్ల చల్లబడిపోయింది. అమెరికన్ యూనివర్సిటీల్లో మైదానాలూ కోచ్‌లూ డబ్బూ అన్నీ మగపిల్లల వైపే వెళ్లాయి. వాళ్లకు 1948 నుంచే జాతీయ ఛాంపియన్‌షిప్ ఉంది. అమ్మాయిలకు ఉన్నదల్లా ఆడాలన్న కోరిక.

ఈ ఆటకు కోరిక ఒక్కటే చాలదు. ఒక్కో వైపున ఆరుగురు, గోలు కాసే గోలీతో కలిపి, మంచు మీద ఉంటారు. పరుగు ఎంత ఉధృతమంటే గోలీ తప్ప మిగతావాళ్లు ఒక నిమిషం లోపే ఆయాసంతో బెంచీకి వచ్చేస్తారు, వాళ్ల చోటులోకి మరో బృందం దూకుతుంది. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు ఇలాగే సాగాలి. అంటే ఆటకు కనీసం పదిహేను, ఇరవై మంది కావాలి. ఈ ఆటలో బంతికి బదులు వాడే, గట్టి రబ్బరుతో చేసిన పక్ దెబ్బ కాచుకోవడానికి ప్రతి ఒక్కరికీ ప్యాడ్లు, గ్లవ్స్, స్కేట్లు ఉండాలి. వీటన్నిటికీ మించిన ఖర్చు మంచుది. కృత్రిమంగా గడ్డకట్టించి, మాటిమాటికీ నునుపు చేస్తే గానీ అది ఆటకు పనికిరాదు. అందుకే దాన్ని గంటల లెక్కన కొనుక్కోవాలి. పాండాలు సరంజామా అరువు తెచ్చుకున్నారు. మంచు మీద గడిపే గంటల కోసం సొమ్ము తామే పోగుచేసుకున్నారు.

ఇంత చేసినా అసలు లోటు తీరలేదు. వాళ్లతో ఆడేందుకు మరో జట్టు లేదు. 1964లో పుట్టిన జట్టు తొలి మ్యాచ్ ఆడింది 1966 ఫిబ్రవరిలో. అప్పుడు కూడా ఎదుట నిలిచింది మరో యూనివర్సిటీ కాదు, వాల్‌పోల్ బ్రూమ్స్ అనే మహిళల క్లబ్బు. పాండాలు ఓడిపోయారు.

ఈ కథ చదివినవాళ్లంతా వేషం కట్టిన ఘట్టం దగ్గరే ఆగిపోతారు. నన్ను మాత్రం ఆ రెండేళ్లే పట్టి ఆపుతాయి. గెలవడానికి కాదు, కనీసం ఓడిపోవడానికైనా ఒక ప్రత్యర్థి దొరకని రెండేళ్లు! గొంతు ఎంత బాగున్నా ఒక్కరితో కోలాటం నడవదు, ఎదుట ఇంకో కోల కావాలి. ఏ ఆటలోనైనా మొదటి జట్టును కట్టేవాళ్లు సాహసులే, సందేహం లేదు. కానీ ఆట నిలబడాలంటే రెండో జట్టు, మూడో జట్టు, పదో జట్టు రావాలి. మహిళల హాకీలో ఆ తర్వాత జరిగిన ప్రతి ముందడుగునూ నేను ఈ లెక్కలోనే చూస్తాను.

1971లో పెంబ్రోక్ బ్రౌన్‌లో కలిసిపోయింది, పాండాలు కూడా ఎలుగుబంట్లయ్యారు. మరుసటి ఏడాది జూన్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఒక విద్యా చట్టంపై సంతకం చేశాడు. అందులోని టైటిల్ నైన్ అనే నిబంధన ఇంగ్లిష్‌లో 37 పదాల వాక్యం. ప్రభుత్వ సొమ్ము అందుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడ, మగ అన్న కారణంగా వివక్ష చూపకూడదన్నది దాని సారాంశం. ఆ వాక్యంలో ఆటల ప్రస్తావనే లేదు. అయినా దేశంలోని కాలేజీ క్రీడల్ని అంతగా మార్చిన మాట మరొకటి లేదు. పాండాలకు ఆడే ధైర్యం ఏ చట్టమూ ఇవ్వలేదు, అది వాళ్లకు ముందే ఉంది. చట్టం ఇచ్చింది ప్రత్యర్థుల్ని. ఒక్కో యూనివర్సిటీ మహిళల జట్లకు తలుపు తీయక తప్పలేదు. 1976లో, బ్రౌన్ కూడా ఉన్న ఐవీ లీగ్ అనే యూనివర్సిటీల కూటమిలో మహిళల హాకీ తొలి టోర్నీ జరిగింది. దానికి ఆతిథ్యమిచ్చింది బ్రౌన్, గెలిచింది కార్నెల్ యూనివర్సిటీ.

ఆ కార్నెల్‌లో తర్వాతి ఏళ్లలో ఆడిన డిజిట్ మర్ఫీయే 1980ల చివర బ్రౌన్‌కి కోచ్‌గా వచ్చి ఇరవై ఏళ్లకు పైగా జట్టును నడిపింది. ప్రత్యర్థులు పుడితే వచ్చే ఫలం ఇదీ. నిన్న ఎదురుగా నిలిచి ఆడిన అమ్మాయి రేపు మన పిల్లలకు ఆట నేర్పుతుంది.

ఈలోగా అదే యూనివర్సిటీ ఒక మచ్చ తెచ్చుకుంది. 1991లో ఖర్చు తగ్గించే పేరుతో మహిళల జిమ్నాస్టిక్స్, వాలీబాల్ జట్లకూ, రెండు పురుషుల జట్లకూ బ్రౌన్ నిధులు ఆపేసింది. విద్యార్థినులు కోర్టుకెక్కారు. అమ్మాయిలకు ఆటల మీద అబ్బాయిలకున్నంత ఆసక్తి లేదన్నది యూనివర్సిటీ వాదనల్లో ఒకటి. అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చింది. 1997లో సుప్రీంకోర్టు కూడా జోక్యానికి నిరాకరించడంతో ఆ తీర్పు నిలిచింది. ఆసక్తి అనేది గాలిలో పుట్టదని, అవకాశం ఉన్నచోటే అది పెరుగుతుందని ఆ తీర్పు చెప్పింది. నిజానికి అమ్మాయిలకు ఆసక్తి ఉందా అన్న ప్రశ్నకు జవాబు కోసం బ్రౌన్ కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు. అరువు ప్యాడ్లు కట్టుకుని, మంచుకు సొమ్ము పోగుచేసి, ప్రత్యర్థి కోసం రెండేళ్లు కాచుకున్న అమ్మాయిల చరిత్ర దాని ఇంట్లోనే ఉంది.

తీర్పు నిలిచిన మరుసటి ఏడాదే జపాన్‌లోని నగానోలో మహిళల ఐస్ హాకీ ఒలింపిక్స్‌లో తొలిసారి అడుగుపెట్టింది. 1998 ఫిబ్రవరి 17న జరిగిన ఫైనల్లో అమెరికా 3-1తో కెనడాను ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని కేటీ కింగ్, టారా మౌన్సీ బ్రౌన్ ఆటగత్తెలు. మౌన్సీ హైస్కూల్లో మగపిల్లల జట్టులో ఆడి రాష్ట్ర ఛాంపియన్‌షిప్ గెలిచిన అమ్మాయి. షీఫెలిన్ గుర్తు తెలియకుండా దిగిన చోటికి, మౌన్సీ తన పేరుతోనే దిగింది. కేటీ కింగ్ మరో రెండు ఒలింపిక్స్ ఆడి, తర్వాత బోస్టన్ కాలేజీ మహిళల జట్టుకు కోచ్ అయింది. అంటే బ్రౌన్ చేతుల్లో పెరిగిన ఆటగత్తె మరో జట్టును పెంచే పనికి పూనుకుంది.

యూనివర్సిటీ మహిళలకు, కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నడిపే జాతీయ ఛాంపియన్‌షిప్ 2001లో గానీ మొదలుకాలేదు. మగపిల్లలకు దక్కిన 53 ఏళ్ల తర్వాత! రెండో ఏడాదే, 2002లో, బ్రౌన్ ఫైనల్ చేరి మిన్నెసోటా-డులూత్ చేతిలో 3-2తో ఓడిపోయింది. విజేతల పట్టికలో ఆ మ్యాచ్ డులూత్ పేరిట ఉంటుంది, అది న్యాయమే. కానీ పాండాలు కోరుకున్నది సరిగ్గా ఇలాంటి మ్యాచ్‌నే. మరో యూనివర్సిటీ అమ్మాయిలు, సమఉజ్జీలు, ఒక్క గోలు తేడాతో ఓడించగలవాళ్లు వాళ్లకు కావాలి. అలాంటి జట్లు దేశమంతటా ఉన్నాయంటే, 1964లో ఒంటరిగా నిలబడ్డ ఆ జట్టు అనుకున్నది సాధించినట్టే.