అసెంబుల్డ్ కంప్యూటర్ – యాభై ఏళ్ల కథ

మన బడికి యాభై ఏళ్లు నిండాయి. ఇంట్లో కూర్చుని సొంత చేతులతో కంప్యూటర్ బిగించుకోవడం అనే పనికి కూడా ఇంచుమించు అంతే వయసు. 1975 జనవరిలో అమెరికాలో 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' అనే మాసపత్రిక ఆల్టెయిర్ 8800 అనే యంత్రాన్ని ముఖచిత్రంగా వేసింది. సుమారు 400 డాలర్లు పంపితే విడిభాగాలు పోస్టులో వచ్చేవి. కొన్నవాళ్లే వాటిని టంకం పెట్టి బిగించుకోవాలి. దానికి కీబోర్డు లేదు, తెర లేదు. మెమరీ 256 బైట్లు. ఈ పేరాలో సగం కూడా అందులో పట్టదు. ముందువైపు స్విచ్చులు పైకీ కిందికీ వేస్తే చిన్న దీపాలు వెలిగి ఆరేవి, అంతే. అయినా వేలమంది కొన్నారు. అప్పటిదాకా ప్రభుత్వాలకూ పెద్ద కంపెనీలకూ మాత్రమే దక్కిన యంత్రం మామూలు మనిషి బల్ల మీదికి వచ్చిందన్న సంతోషం వాళ్లది.

కంప్యూటర్ల తయారీ మన హైదరాబాద్‌కూ కొత్త కాదు. 1967లో మొదలైన ఈసీఐఎల్, 1969లోనే టీడీసీ-12 అనే డిజిటల్ కంప్యూటర్‌ను స్వదేశంలో తయారుచేసింది. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఆ సంస్థను నిలబెట్టిన డాక్టర్ ఏ.ఎస్.రావు పశ్చిమ గోదావరి జిల్లా నుంచి వచ్చిన శాస్త్రవేత్త. హైదరాబాద్‌లో ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద ఉన్నదే. కానీ ఆ యంత్రాలు బీరువాల్లాంటివి. ప్రయోగశాలలకు వెళ్లాయి, ఇళ్లకు రాలేదు.

బళ్లకు రావడం కూడా అరుదే. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద దేశంలో కొన్ని వందల పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. మన బడి ఆ జాబితాలో లేదు. కంప్యూటర్ అంటే మా బ్యాచ్‌కు జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక ప్రశ్న. కనిపెట్టింది ఎవరు? చార్లెస్ బాబేజ్. అంతటితో పాఠం అయిపోయేది.

మరి పదేళ్లు తిరిగేసరికి వరంగల్‌లో, హన్మకొండలో, మన ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి దుకాణాల్లో కూడా కంప్యూటర్లు ఎలా కనిపించాయి? ఏ ఒక్క కంపెనీయో దయతలిచి పంపలేదు. దానికి కారణం వెతకాలంటే 1981కి వెళ్లాలి.

ఆ ఏడాది ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. త్వరగా మార్కెట్లోకి రావాలన్న తొందరలో ఆ సంస్థ భాగాలన్నీ తానే తయారుచేసుకోకుండా బయట దొరికేవే వాడింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, డాస్ మైక్రోసాఫ్ట్‌ది. లోపల అదనపు కార్డులు గుచ్చుకోవడానికి అయిదు స్లాట్లు పెట్టి, సర్క్యూట్ల వివరాలన్నీ పుస్తకంగా అచ్చువేసి అమ్మింది. సొంత హక్కుగా మిగిలింది బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ఒక్కటే. కాంపాక్ వాళ్లు దాన్ని కాపీ కొట్టకుండా, అదే పని చేసే మరొకటి సొంతంగా రాసుకున్నారు. 1984లో ఫీనిక్స్ అనే సంస్థ అలాంటి బయోస్‌ను అడిగిన ప్రతి తయారీదారుకూ అమ్మడం మొదలుపెట్టింది. ఇక తలుపులు తెరుచుకున్నాయి. తైవాన్‌లో మదర్‌బోర్డు, ఇంకోచోట హార్డ్ డిస్కు, మరోచోట మానిటర్. ఎవరు చేసినా ఒకదానికొకటి అమరేవి. బైక్ చైను ఎవరు చేసినా పళ్లు కలిస్తే చాలు కదా, అలాగే.

మన దేశంలో 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటర్ విధానం తయారీ, దిగుమతుల మీద ఉన్న బిగింపును సడలించింది. 1991 సంస్కరణలు దాన్ని ఇంకా వదులు చేశాయి. 1997లో భారత్ అంతర్జాతీయ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాక కంప్యూటర్ భాగాల మీద కస్టమ్స్ సుంకాలు మెట్లు మెట్లుగా దిగి 2005 నాటికి చాలావాటి మీద సున్నా అయ్యాయి. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, మద్రాసుకు రిచీ స్ట్రీట్, బెంగళూరుకు ఎస్పీ రోడ్డు ఎలాగో మనకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ అలాగ. అందరూ సీటీసీ అనేవారు. వరంగల్ నుంచి సుమారు 140 కిలోమీటర్లు. పొద్దున బండెక్కితే రాత్రికి భాగాలతో ఇల్లు చేరవచ్చు.

తొంభైల మధ్యలో ఒక మంచి కంప్యూటర్ 40 వేల రూపాయల పైమాటే. బ్రాండెడ్ అయితే ఇంకా ఎక్కువ. అసెంబుల్డ్ అయితే మొత్తం డబ్బు ఒకేసారి ఉండనక్కర్లేదు. ఈ నెల క్యాబినెట్, బోర్డు, ప్రాసెసర్. వచ్చే జీతానికి హార్డ్ డిస్కు పెద్దది. సౌండ్ కార్డు, సీడీ డ్రైవు పండక్కి చూద్దాం. ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు రెండు గదులు వేసి, తర్వాత పైన మరో గది వేసుకున్నట్టే. ఈ వీలు లేకపోతే మనలాంటి కుటుంబాల్లోకి కంప్యూటర్ ఇంకో పదేళ్లు ఆలస్యంగా వచ్చేదని నా నమ్మకం.

బిగించడం ఈ కాలం వాళ్లు అనుకునేంత తేలికేమీ కాదు. పాత ఏటీ రకం పవర్ సప్లైలో మదర్‌బోర్డుకు రెండు కనెక్టర్లు వెళ్లేవి. నల్ల వైర్లు రెండువైపులా పక్కపక్కనే పడాలి. తారుమారైతే బోర్డు కాలిపోతుంది. ఆ ఒక్క సూత్రాన్ని ఎక్కాల్లా కంఠస్థం చేయించేవాళ్లం. ప్రాసెసర్ వేగాన్ని బోర్డు మీది జంపర్లతో సరిచేయాలి. రెండు డిస్కులుంటే ఒకటి మాస్టర్, ఒకటి స్లేవ్. స్విచ్ వేయగానే ఆగకుండా పొడుగ్గా కూత వస్తే ర్యామ్ సరిగా కూర్చోలేదని అర్థం. దాన్ని తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ చెరిపే రబ్బరుతో తుడిచి మళ్లీ పెడితే సగం జబ్బులు నయమయ్యేవి. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతలతో ఆ నల్ల వైర్ల భయం పోయింది. కనెక్టర్ ఒకే వైపు తప్ప పట్టదు. మంచి ఇంజనీరింగ్ అంటే ఏమిటో నేను కాలేజీ కంటే ఆ ప్లాస్టిక్ కనెక్టర్ దగ్గరే బాగా నేర్చుకున్నాను. తప్పు చేయవద్దని మనిషికి చెప్పడం కన్నా తప్పు చేసే దారి లేకుండా చేయడం మేలు.

తెలుగు కూడా మనకు మొదట ఒక కార్డు రూపంలోనే వచ్చింది. డాస్ రోజుల్లో తెర మీద తెలుగు కనబడాలంటే సీడ్యాక్ వాళ్ల జిస్ట్ కార్డు కొని స్లాట్‌లో గుచ్చుకోవాలి. అక్షరం చూడటానికి కూడా పెట్టె విప్పాలన్నమాట. తర్వాత విండోస్‌లో అను ఫాంట్లు వచ్చి, పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు డీటీపీ సెంటర్లకు చేరాయి. టైపు ఇన్‌స్టిట్యూట్లు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లయ్యాయి. యూనికోడ్ తెలుగు విండోస్ ఎక్స్‌పీతో మామూలు ఇళ్లలోకి వచ్చాకే ఆ కార్డుల అవసరం పూర్తిగా తీరింది.

అప్‌గ్రేడ్ అన్నది మరో కథ. విండోస్ 95 వచ్చినప్పుడు 4 ఎంబీ ర్యామ్ ఉంటే చాలన్నారు. హాయిగా నడవాలంటే 8 అయినా కావాలి. అదనంగా ర్యామ్ కొన్నవాళ్లు పాతది పారేయలేదు. అది తమ్ముడి మెషీన్‌లోకి, అక్కడి నుంచి వీధి చివర డీటీపీ సెంటర్‌కి, ఆఖరికి ఏదో దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటర్‌లోకి వెళ్లేది. ఒక ఇంట్లో అప్‌గ్రేడ్ జరిగితే నాలుగు చోట్ల కంప్యూటర్లు బాగుపడేవి. ఎనుమాములలో ఒక అడ్తి గుమాస్తాకు మెషీన్ మార్చమని చెబితే, "తమ్మీ, తక్‌పట్టీ కొట్టనీకి ఇది సరిపోతది గదా, నడిచేదాన్ని ఎందుకు మారుస్తం?" అన్నాడు. ఇంజనీరింగ్‌లో అంతకన్నా మంచి ప్రశ్న లేదు.

మార్కెట్ పక్కన పెరిగినవాళ్లకు ఇంకో సంగతి కూడా సులువుగా అర్థమవుతుంది. మిర్చికి పొద్దున జెండా పాటలో పలికిన ధర ఎక్కడెక్కడి సంగతుల వల్లో మారినట్టు, ర్యామ్ ధరలు కూడా మారేవి. 1999 సెప్టెంబరులో తైవాన్‌లో భూకంపం వస్తే మెమరీ ధరలు ఎగబాకాయి. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగితే హార్డ్ డిస్కుల ధరలు రెట్టింపయ్యాయి. 2025 చివర్లో కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోవడంతో మళ్లీ అదే జరిగింది. సరుకు మారింది గానీ మార్కెట్ నీతి ఒక్కటే.

ఇక మన ఊరి కంప్యూటర్‌కు ప్రత్యేక శత్రువులున్నారు. సీజన్‌లో పత్తి నూగు గాలిలో తేలి వచ్చి ప్రాసెసర్ ఫ్యాన్ కింద మెత్తటి పరుపులా పేరుకుంటుంది. దాంతో వేడి బయటికి పోక, యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. మిర్చి యార్డు దగ్గరి దుకాణాల్లోని క్యాబినెట్ విప్పి బ్లోయర్ పెడితే ముందు తుమ్మేది మెకానిక్కే. ఎండాకాలం, వోల్టేజి హెచ్చుతగ్గులు, కరెంటు కోతలు సరేసరి. కంప్యూటర్ కొన్న ప్రతివాడూ స్టెబిలైజరో యూపీఎస్సో కొనక తప్పేది కాదు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతటా మదర్‌బోర్డులకు ఇంకో తెగులు పట్టింది. నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్ల తలలు ఉబ్బి, కారిపోయేవి. కొత్త బోర్డు కొనలేనివాళ్లకు టీవీ మెకానిక్కులు కెపాసిటర్లు మార్చి ఇచ్చేవాళ్లు. పెద్ద కంపెనీలు వారంటీ కాగితాలు చూసుకుంటున్న సమయంలో మన మెకానిక్కు అన్న కొద్దిపాటి ఖర్చుతో యంత్రాన్ని బతికించాడు. అతనికి కంప్యూటర్ తెలియదు, సర్క్యూట్ తెలుసు. విప్పడానికి భయపడలేదు.

ఆ ధైర్యమే ఇప్పుడు తగ్గుతోంది. ఫోన్ విప్పలేం. సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే టంకం పెట్టి వస్తోంది. కొన్నరోజు ఎంత ఉందో చివరిదాకా అంతే. 2016లో ఈ-నామ్ మొదలై మన మార్కెట్ కూడా అందులో చేరాక, ధర తెర మీదే కనిపిస్తోంది, ఫోన్లోనూ కనిపిస్తోంది. మంచిదే. కానీ ఆ తెర వెనక ఏముందో తెలిసిన పిల్లలు ఎంతమంది?

ఇది పాతరోజుల మీద బెంగతో అంటున్న మాట కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇంటెల్‌లో అయితే సుమారుగా 2017 చివరి నుంచి వచ్చిన ఎనిమిదో తరం ప్రాసెసర్లు, ఆ తర్వాతివి మాత్రమే దాని జాబితాలో ఉన్నాయి. అంటే నిక్షేపంగా నడుస్తున్న ఎన్నో డెస్క్‌టాప్‌లు ఒక్క తేదీతో 'పాతవి' అయిపోయాయి. వాటిలో చాలావాటికి పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్డీ పెట్టి, ర్యామ్ 8 జీబీకి పెంచి, లినక్స్ వేస్తే బడి పిల్లలకు ఇంకా అయిదారేళ్లు సుఖంగా పనికొస్తాయి. లినక్స్‌లో తెలుగు మెనూలు కూడా ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు.

స్వర్ణోత్సవ కానుకగా బడికి కంప్యూటర్లు ఇవ్వాలని మన సంఘంలో చర్చ జరుగుతోంది. నా మనవి ఒక్కటే. ఇచ్చేవి విప్పగలిగే డెస్క్‌టాప్‌లు అయితే బాగుంటుంది. అన్నీ కొత్తవే కానక్కర్లేదు. వాటిలో ఒకదాన్ని కేవలం విప్పి బిగించడానికే కేటాయించాలి. ఎనిమిదో తరగతి పిల్లలు నెలకు ఒక పీరియడ్ దాన్ని విప్పి, ర్యామ్ తీసి, కూత విని, మళ్లీ పెట్టి చూడాలి. సైన్సు మాస్టార్లకు ఒక విన్నపం: క్యాబినెట్ విప్పేముందు ప్లగ్గు తీయించండి, పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పనివ్వకండి. కరెంటు తీసేసినా అందులో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది. మిగతాదంతా పిల్లల చేతులకు వదిలేయవచ్చు.

సెలవు రోజుల్లో వచ్చి ఈ పని చూపించడానికి నేను సిద్ధం. మన పూర్వ విద్యార్థుల్లో ఇదే పనిలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లూ కలిస్తే నెలకొకరి వంతు కూడా రాదు. మీ ఇంట్లో బీరువా పైన, మంచం కింద పాత ర్యామ్, పాత కీబోర్డు, వాడని మదర్‌బోర్డు ఉంటే స్వర్ణోత్సవానికి వచ్చేటప్పుడు వెంట తెచ్చి సంఘం వాళ్లకు ఇవ్వండి. హార్డ్ డిస్కు అయితే మాత్రం ముందు మీ ఫొటోలు కాపీ చేసుకుని, అంతా చెరిపేసి తీసుకురండి.