రోడ్డు ప్రమాద నష్టపరిహారం: పెద్దపంజాణి ప్రాంతం

రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవారికి, చనిపోయినవారి కుటుంబాలకు మోటారు వాహనాల చట్టం కింద దక్కే సొమ్మే నష్టపరిహారం. చిత్తూరు జిల్లా పెద్దపంజాణి చుట్టుపక్కల పల్లెలకు ఈ చట్టంతో పని ఎక్కువ. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి వెళ్ళే 42వ జాతీయ రహదారి ఒక పక్క, చిత్తూరు–బెంగుళూరు రహదారి మరో పక్క. టమోటా లోడ్లు, పాల వ్యాన్లు, కూలీల ట్రాక్టర్లు, దూరప్రయాణపు బస్సులు అన్నీ ఈ దారులమీదే. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు చనిపోయారు.

1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం మృతుడి భార్యాబిడ్డలకు, తల్లిదండ్రులకు దావా హక్కు ఇచ్చింది. ఆ హక్కును వాడుకోవడం పేదవాడి వల్ల అయ్యే పని కాదు. కోర్టు ఫీజు కట్టాలి, డ్రైవరు తప్పును రుజువు చేయాలి, గెలిచాక కూడా యజమాని దగ్గర డబ్బుంటేనే చేతికొచ్చేది. 1939 మోటారు వాహనాల చట్టం తెచ్చిన తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా 1946 జులై 1 నుంచి అమలైంది. 1956 సవరణతో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు వచ్చాయి. జిల్లా జడ్జీలే ఆ బాధ్యత చూస్తారు. ఆంధ్ర కోర్టుల్లో ఈ కేసుకు ఎం.వి.ఓ.పి. అని పేరు.

తప్పెవరిదైనా కొంత సొమ్ము ఇవ్వాలన్న నియమం 1982లో వచ్చింది: మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు. 1988 చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. దానికి 1994లో చేసిన సవరణ సరిహద్దు జనానికి పెద్ద మేలు చేసింది. కోలారులోనో కృష్ణగిరిలోనో దెబ్బ తగిలినా, బాధితులు తాము నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే కేసు వేసుకోవచ్చు.

ఎంత వస్తుందన్నదానికి లెక్క ఉంది. 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు దాన్ని స్థిరపరిచాయి. నెలకు 10,000 సంపాదించే 38 ఏళ్ళ కూలీ చనిపోయి, ఆయనమీద నలుగురు ఆధారపడి ఉన్నారనుకుందాం. ఏడాదికి 1,20,000. భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 1,68,000. సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 1,26,000. ఆ వయసుకు గుణకం 15 కాబట్టి 18,90,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం. గాయాల కేసుల్లో సర్టిఫికెట్‌లోని వైకల్య శాతమే చివరి మాట కాదు, ఆ గాయంవల్ల సంపాదన ఎంత పడిపోయిందన్నదే ముఖ్యం. కాలు పోయిన గుమాస్తాకు, కాలు పోయిన కూలీకి నష్టం ఒకటి కాదు.

ఈ ప్రాంతానికి చట్టంలో అన్నిటికంటే చేదు భాగం సరుకు బండ్లలో ప్రయాణం. 1999లో సుప్రీంకోర్టు లారీ ఎక్కిన ప్రయాణికుడికీ బీమా కంపెనీయే చెల్లించాలంది. 2002లో అదే కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. సరుకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రం 1994 సవరణ రక్షణ ఇస్తుంది. ఆ యజమాని క్యాబిన్‌లో కూర్చుని ఉండాలని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన అప్పీళ్ళలో 2007లో తేల్చారు. కూరగాయలు కొని ట్రాక్టరు ట్రైలరులో సంతకు తీసుకెళ్తూ చనిపోయిన వ్యాపారి విషయంలో, అది వ్యవసాయపు పని కాదు కాబట్టి బీమా వర్తించదని 2004లో తీర్పొచ్చింది. అలాంటప్పుడు ఆ కుటుంబానికి మిగిలేది ట్రాక్టరు యజమానే, అతనూ చాలాసార్లు అప్పులున్న రైతే. కొన్ని కేసుల్లో ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు ఆదేశించాయి. పల్లెలకు సరిపడా బస్సులు లేనిచోట కూలీకి ట్రైలరు తప్ప దారి లేదు. ఆ లోటు బరువును చనిపోయినవాడి ఇంటిమీద మోపడం న్యాయం కాదు.

2019 సవరణలోని పరిహార నియమాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. తప్పు రుజువు చేయకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు కోరవచ్చు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. క్షతగాత్రుడిని ఆసుపత్రిలో చేర్చినవారిని కేసుల్లో ఇరికించకూడదు. 2025 మే నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేని చికిత్స పథకం ఉంది. 2019 సవరణే కేసు వేయడానికి ఆరు నెలల గడువును తిరిగి తెచ్చింది. గడువు దాటిందన్న కారణంతో కేసులు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

అయినా ఆలస్యం చేయవద్దు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల సర్టిఫికెట్ లేదా పోస్టుమార్టం నివేదిక, బండి ఆర్సీ, బీమా వివరాలు, ఆసుపత్రి బిల్లులు మొదటి వారంలోనే చేర్చిపెట్టుకోండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీపడితే ఆ అవార్డుమీద అప్పీలు ఉండదు. ముందు లెక్క వేయించుకుని, ఆ తర్వాతే సంతకం చేయండి.